నీళ్ళని చూడని గుండీలు

మా బావగారి కారు వెనక ఎవరూ లేకపోయినా కూసేది. రివర్సు గేరు వెయ్యగానే మొదలు. వెనక గోడ లేదు, గేదె లేదు, మనిషి లేడు. అయినా ఒకటే కూత, ఊపిరి తీసుకోకుండా. ఆ కూత వినపడితే మా అక్క చేస్తున్న పని వదిలేసి వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయేది. "వెనక ఎవరో ఉన్నారనే కదరా అది కూస్తంది? మన కంటికి ఆనట్లేదంతే," అనేది నాతో. నేను టీవీలూ రేడియోలూ బాగుచేసుకుని బతికేవాణ్ణి. కంటికి ఆననివాటి మీద నాకు నమ్మకం లేదు. "సెన్సారు పోయిందే, ఇంకేం లేదు," అని నవ్వేసేవాణ్ణి. మా ఇద్దర్లో దానికి సరిగ్గా భయపడింది అక్కేనని ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నాను.

రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళయిన రోజులవి. నాకు అమలాపురంలో చిన్న రిపేరు షాపు ఉండేది. అక్క అత్తవారిది రాజోలు వైపు, తాటిపాక దాటాక కాలువ గట్టునే ఉన్న ఊరు. బావగారు గల్ఫులో పదిహేనేళ్ళు ఒక షేకు ఇంట్లో డ్రైవరుగా చేశారు. ఆ ఇంట్లో కార్లు బారులు తీరి ఉండేవట. వాటిని కడగడం, తుడవడం, ఆ ఇంటి పిల్లకాయలు ఎక్కడ వదిలేస్తే అక్కణ్ణుంచి తెచ్చి షెడ్డులో పెట్టడం ఈయన పని. అందులో రెండు తలుపుల స్పోర్ట్స్ కారు ఒకటి ఉండేదనీ, దాన్ని మాత్రం షెడ్డు నుంచి గేటు దాకా తప్ప నడపనిచ్చేవారు కాదనీ నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆ గేటు దగ్గర ఆయన గొంతు ఆగిపోయేది. తిరిగొచ్చేశాక, డాబా మీద గది వేయించే ఆలోచన కూడా పక్కన పెట్టి, బెంగుళూరులో ఎవరో వాడి వదిలించుకున్న అలాంటి కారే కొనుక్కొచ్చారు.

పసుపు రంగు కారు. నేలకి అంటుకుపోయినట్టు ఉండేది. ఊళ్ళో వాళ్ళు రెండో రోజుకే దానికి నిమ్మకాయ అని పేరు పెట్టేశారు. మా రోడ్ల మీద స్పీడు బ్రేకరు వస్తే దిగి, డిక్కీలోంచి రెండు చెక్కలు తీసి చక్రాల కింద వేసుకుని, దాటి, మళ్ళీ చెక్కలు ఏరుకుని బయల్దేరాలి. అమలాపురం నుంచి తాటిపాక వచ్చేసరికి నేను నాలుగుసార్లు దిగి ఎక్కాను, నిక్కచ్చిగా చెప్పాలంటే ఐదుసార్లు. దానికంటే బస్సు నయం అన్నాను ఒకసారి. బావగారు వారం రోజులు నాతో ముభావంగా ఉన్నారు. ఆ తర్వాత కారు గురించి ఆయన దగ్గర నేను మంచి మాటే అన్నాను తప్ప ఇంకో మాట అనలేదు. నేను గొప్పగా చెప్పుకునే మర్యాద ఇదే. ఇంతా చేసి ఇది పిరికితనమని నాకు అప్పుడే తెలుసు.

ఇల్లు ఉన్న చోటు చెప్పాలి. కాలువ గట్టే రోడ్డు. రోడ్డుకి ఒక పక్క కాలువ, రెండో పక్క పల్లంలో ఇళ్ళు. ఇంటి గేటులోంచి రోడ్డు మీదకి నిటారుగా ఒక వాలు కట్టించారు. లోపల పెరట్లో కారు తిప్పుకునేంత జాగా లేదు. రోడ్డు మీంచే వెనక్కి దింపుదామంటే గేటు స్తంభాలకీ కారుకీ మధ్య ఇటు జానెడు, అటు జానెడు. పైగా ఆ కారుకి వెనక అద్దం ఎంత చిన్నదంటే అందులో ఆకాశం తప్ప ఏమీ కనపడేది కాదు. అందుకని ముక్కుసూటిగా లోపలికి దింపడం, వెళ్ళేటప్పుడు వెనక్కి ఎక్కించడం. వాలు ఎక్కడానికి గట్టిగా తొక్కాలి. ఎక్కిన మరుక్షణం బ్రేకు మీద ఉండాలి. ఎందుకంటే రోడ్డు వెడల్పు రెండు బారలే. ఆ తర్వాత పిట్టగోడ లేదు, రాయి లేదు. కాలువే.

అక్క మావగారు వెనక నిలబడి చెప్పేవారు. నేను కూడా ఆయన్ని మావయ్యగారూ అనే పిలిచేవాణ్ణి. డెబ్భై దాటిన మనిషి. కాలువల మీద సరుకు పడవలు తిరిగిన రోజుల్లో పడవ పని చేశారు. ఆ ఇంటి ముందు రేవు దగ్గర నీళ్ళు ఎంత లోతో, అడుగున బురద ఎంత మెత్తనో ఆయన కాళ్ళకి తెలుసు. తలగుడ్డ చుట్టుకుని కాలువ అంచున నిలబడి, కారు వాలు ఎక్కడం మొదలెట్టగానే, "ఆయ్... ఆయ్... ఆయ్..." అనేవారు. ఆయ్ అంటున్నంతసేపూ రావచ్చు. ఆయ్ ఆగిందంటే కారు ఆగాలి. సెన్సారు ఒక పక్క ఉత్తినే కూస్తూనే ఉండేది, బావగారు దాన్ని పట్టించుకోకుండా అద్దం దించుకుని, తల బయట పెట్టి, తండ్రి గొంతు మాత్రమే వినేవారు. ఏడాది పాటు ఆ కారు ఒక్కసారి కూడా గీత దాటలేదు.

మా వైపు ఈ ఆయ్ అనే మాటకి అర్థం చెప్పమంటే కష్టం. అవును అనడానికి ఆయ్. అలాగేనండి అనడానికి ఆయ్. మీరు చెప్పేది వింటున్నాను, ఇంకా ఏమీ తేల్చుకోలేదు అనడానికి కూడా ఆయే. పెద్దవాళ్ళ ఎదుట కాదు అనడానికి నోరు రాక, అవును అనడానికి మనసొప్పక, మధ్యలో ఎక్కడో తలదాచుకోడానికి కూడా మాకు ఆ మాటే గతి. ఏ ఆయ్ ఏదో గొంతుని బట్టి పోల్చుకోవాలి. మావయ్యగారు పోల్చుకోగలిగేవారు. బావగారు పదిహేనేళ్ళు పరాయి దేశంలో ఉండొచ్చారు కాబట్టో ఏమో, ఏ ఆయ్ అయినా ఆయనకి అవునే.

అవతలి గట్టు మీద టీ కొట్టు ఉండేది. అక్కడ కూర్చున్నవాళ్ళకి ఈ తంతు రోజూ వినోదం. "ఏవండీ, అంత కారు పెట్టుకుని ఎడ్లబండి తోలించినట్టు నాన్నగారి చేత అదిలింపించుకుంటున్నారేంటండీ?" అని ఎవరో ఒక రోజు గట్టిగానే అన్నారు. బావగారి మొహం కందగడ్డ అయింది. ఆ సాయంత్రమే గల్ఫులో ఉన్న స్నేహితుడికి ఫోను చేసి, సెన్సారు పంపమన్నారు. సెలవుకి వస్తున్న వాళ్ళెవరో తెచ్చిచ్చారు. మెకానిక్కుకి ఇస్తే పాడుచేస్తాడని, ఆదివారం పూట నన్ను రమ్మన్నారు. "ఎలక్ట్రానిక్సు నీ లైనే కదా బామ్మర్దీ," అన్నారు. నేను అంతకు ముందు కారు సెన్సారుని ముట్టుకున్న పాపాన పోలేదు. అయినా ఆయ్ అన్నాను.

పెరట్లో కారు వెనక గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాను. బంపరుకి ఒక వరసలో నాలుగు సెన్సారు గుండీలు ఉన్నాయి, చొక్కా గుండీల కంటే కొంచెం పెద్దవి. ఏది పోయిందో కనిపెట్టడానికి బావగారిని లోపల కూర్చుని రివర్సు గేరులో ఉంచమని, ఒక్కో గుండీకి చెవి ఆనించి విన్నాను. బాగున్నవి లోపల చిన్నగా టిక్కుటిక్కుమంటాయి. మొదటిది టిక్కుమంది. రెండోదీ, నాలుగోదీ అంతే. మూడోది చప్పుడు చెయ్యలేదు. దాని మీద సన్నటి పగులు ఉంది. చెవి అలాగే ఆనించి ఉంచితే లోపల్నుంచి చల్లదనం తప్ప ఏమీ రాలేదు. గబుక్కున చెవి తీసేశాను.

బంపరు ఊడదియ్యడానికి పూట పట్టింది. కింద మరలు తుప్పు పట్టి ఒక పట్టాన కదల్లేదు. పక్కన ప్లాస్టిక్కు క్లిప్పులు ఉన్నాయి, ఒకటి నా చేతిలో పుటుక్కున విరిగింది. బావగారు చూడకుండా దాన్ని జేబులో వేసుకున్నాను. బంపరు కిందికి రాగానే లోపల కందిరీగ కట్టిన మట్టిగూడు బయటపడింది, సరిగ్గా మూడో గుండీ వెనక. గూడు ఎప్పటిదో, ఖాళీది. మావయ్యగారు అరుగు మీంచి లేచి వచ్చి, దాన్ని పుల్లతో కదిపి చూసి, "పాడుపడ్డ ఇంట్లో కడుతుందిది, తిరిగే బండిలో కట్టడం ఎప్పుడూ చూళ్ళేదు," అన్నారు. బావగారు వినిపించుకోలేదు. అక్క మాత్రం విన్నది. లోపలికి వెళ్ళి ఉప్పూ మిరపకాయలూ తెచ్చి కారు చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో పడేసింది. ఎప్పుడూ దగ్గు తెప్పించే ఆ మిరపకాయల ఘాటు ఆ వేళ రాలేదని ఆమె చెప్పింది. నేను నవ్వాను. నవ్వు అనుకున్నంత బాగా రాలేదు.

పాత గుండీకి రెండు పక్కలా ఉన్న కొక్కేలు నొక్కితే ఊడొచ్చింది. వైరు కలిసే చోట తెల్లగా ఉప్పులాంటిది పేరుకుని ఉంది. ఆ మూలని బ్లేడుతో గీకి, గుడ్డతో తుడిచి, కొత్తది రబ్బరు రింగుతో సహా తొడిగి, టక్కుమనేదాకా నొక్కాను. కొత్త గుండీ నల్లది. కారు పసుపు. నాలుగింట్లో అదొక్కటే కన్ను తెరిచినట్టు కనపడుతుంటే, రంగు తర్వాత వేయిద్దాంలే అన్నారు బావగారు.

అప్పుడు కొత్త సెన్సారు వచ్చిన పెట్టె అడుగున కాయితం కనపడింది. ఉల్లిపొర లాంటి కాయితం, నాలుగైదు భాషల్లో చిన్న చిన్న అక్షరాలు. ఒక పక్క బొమ్మలు. కారు వెనక గోడ ఉన్న బొమ్మకి టిక్కు మార్కు. కారు వెనక మనిషి ఉన్న బొమ్మకి టిక్కు మార్కు. మూడో బొమ్మలో కారు వెనక నేల లేదు, గొయ్యి ఉంది. దాని మీద పెద్ద ఇంటూ మార్కు. ఇంగ్లీషులో చదివాను. ఎదురుగా ఉన్నదాన్ని తగిలి వెనక్కి వచ్చే చప్పుడుని బట్టి ఇది కూస్తుంది, గొయ్యి నుంచీ పల్లం నుంచీ ఏమీ వెనక్కి రాదు, కాబట్టి కూయదు. అంతే. చదవగానే అర్థమైంది. వెనక ఏదైనా ఉంటే చెప్తుంది. వెనక ఏమీ లేకుండా పోతే చెప్పదు.

అర్థం కాకపోతే ఎంత బాగుండేదో. కాయితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను, విరిగిన క్లిప్పు పక్కన.

బంపరు బిగించాక పరీక్ష చేశాం. నేను ప్లాస్టిక్కు బకెట్టు పట్టుకుని వెనక నిలబడ్డాను. బావగారు రివర్సు వేశారు. బీప్... బీప్... దగ్గరయ్యే కొద్దీ జోరు పెరిగి, మూరెడు దూరంలో ఒకే కూత. పక్కకి తప్పుకుంటే చప్పున ఆగిపోయింది. బావగారు దిగి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. అక్క పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అలా చెయ్యి వెయ్యడం అదే మొదలు. అక్క చేత కాఫీలు తెప్పించారు. అవతలి గట్టుకి వినపడేలా, "ఇంక ఎవరూ నిలబడక్కర్లేదు. ఇది చూసుకుంటది," అన్నారు.

మావయ్యగారు కారు వెనక్కి వెళ్ళి, వంగి, ఆ నల్ల గుండీని వేలితో తడిమారు. "అబ్బాయ్," అన్నారు నాతో, "ఇది నీళ్ళని చూస్తుందా?"

నేను నోరు తెరిచేలోపే బావగారు అందుకున్నారు. "ఎందుకు చూడదు నాన్నా? అక్కడ గుడ్డివాడు కూడా పార్కింగు చేసేస్తాడు దీంతో. ఏం బామ్మర్దీ, చూస్తది కదా?"

ఆయన చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. అక్క కాఫీ గ్లాసు పట్టుకుని మొగుడి మొహంలో సంతోషం చూస్తోంది, చాలా రోజుల తర్వాత. నా జేబులో కాయితం ఉంది.

"ఆయ్," అన్నాను.

మావయ్యగారు నా వైపు చూశారు. ఆ ఆయ్ ఏ రకం ఆయో ఆయనకి తెలిసిపోయింది. తలగుడ్డ దులుపుకుని అరుగెక్కి కూర్చున్నారు.

ఆ రోజు బస్సులో వస్తున్నంతసేపూ, రేపు ఫోను చేసి చెప్పేద్దాం అనుకున్నాను. రేపు వచ్చింది. షాపులో పని ఉంది. ఎల్లుండి ఫోను చేసి, బావగారే ఎత్తితే, కారు ఎలా ఉందండీ అని అడిగి పెట్టేశాను. "వజ్రంలా ఉందయ్యా," అన్నారు. అలాంటి గొంతుకి ఎదురు మాట చెప్పడం నాకు చేతకాలేదు. రెండోసారి చేస్తే అక్క ఎత్తింది. మావయ్యగారిని నిలబడమనవే అన్నాను. "ఆయన నిలబడుతూనే ఉన్నారురా. అదే గొడవ. ఆయన వెనక ఉంటే అది కూస్తంది. పరువు తీస్తన్నావు, పక్కకి పో అని మీ బావగారు రోజూ కేకలు. మావయ్యగారు పక్కకి జరిగి, అక్కణ్ణుంచే ఆయ్ ఆయ్ అంటన్నారు. ఈయనేమో అద్దాలెత్తేసుకుని ఏసీ వేసుకుని, పాత అలవాటు మీద బ్రేకు వేస్తన్నారు," అంది. ఇంతకు ముందు చప్పుడు వస్తున్నంతసేపూ రావచ్చు, చప్పుడు ఆగితే ఆగాలి. ఇప్పుడు చప్పుడు వస్తే ఆగాలి, లేకపోతే రావచ్చు. తండ్రిదీ యంత్రానిదీ ఎదురుబొదురు భాష. ఆ ఇద్దరి మధ్యా మనిషి రోజూ వెనక్కి నడుస్తున్నాడు. అయినా అక్కకి కూడా అసలు మాట చెప్పలేదు. చెప్తే, ఆ రోజే ఎందుకు చెప్పలేదురా అంటుంది కదా.

పది రోజుల తర్వాత బావగారే పిలిచారు. సెన్సారు బాగుచేసింది నేనే కాబట్టి, ఐనవిల్లి వినాయకుడి దగ్గర కారుకి పూజ చేయించేటప్పుడు నేను పక్కన ఉండాలట. పొద్దున్నే వెళ్ళాను. నాలుగు రోజులుగా ముసురు. కాలువకి నిండుగా నీళ్ళు వదిలారు, ఎర్రటి నీళ్ళు, గట్టు అంచు దాకా. రేవు మెట్లు ఒక్కటీ కనపడడం లేదు. ఈ రోజు ఎలాగైనా చెప్పేస్తానని దారి పొడవునా మాటలు పేర్చుకుంటూ వచ్చాను. బావగారూ, ఆ కాయితంలో ఒక మాట ఉందండీ, నేను అప్పుడు సరిగ్గా చూసుకోలేదండీ. ఇలా మొదలెడదామనుకున్నాను. అబద్ధంతోనే మొదలెడదామనుకున్నానన్నది గమనించాలి.

అక్క కొబ్బరికాయా పూలదండా నా చేతికిచ్చింది. నేను ఎడం పక్క సీట్లో కూర్చున్నాను. మావయ్యగారు గొడుగు కూడా లేకుండా రోడ్డు దాటి, కాలువ అంచున, కొడుకు చెప్పిన పక్కకే జరిగి నిలబడ్డారు. నా వైపు తలుపు బయటి అద్దంలో ఆయన నిలువునా కనపడుతున్నారు. బావగారు అద్దాలెత్తేశారు. పాట పెట్టలేదు. "చూడు, ఎంత కామ్‌గా ఉంటదో," అన్నారు.

కారు వాలు మీద మూలిగి, ఒక్క ఊపున రోడ్డెక్కింది. లోపల నిశ్శబ్దం. సెన్సారు ఒక్కసారి కూడా పలకలేదు. బావగారు తల ఒక పక్కకి వంచి ఆ నిశ్శబ్దాన్ని వింటున్నారు, మొహం వెలిగిపోతూ. అద్దంలో మావయ్యగారి నోరు కదులుతోంది. ఆయ్, ఆయ్. మాకు వినపడదు. కారు ఇంకా వెనక్కి వెళ్తోంది. ఆయన నోరు ఆగిపోయింది. మూసుకుంది. రెండు చేతులూ పైకి లేచాయి.

నేను చూశాను. ఆపండి అని అరవచ్చు. ఆపు అని అరవచ్చు. కాలితో తొక్కచ్చు, చేత్తో లాగచ్చు. నా నోట్లోంచి వచ్చింది ఇది: "బావగారూ..."

"ఆ, చెప్పవయ్యా," అన్నారు ఆయన, వెనక్కి పోనిస్తూనే.

"కొంచెం..." అన్నాను. అండీ అనేలోపు వెనక భాగం కిందికి జారింది.

ముందు అద్దం నిండా మబ్బు పట్టిన ఆకాశం కనపడింది. ఆ తర్వాత నీళ్ళు. కారు వెనక్కి జారి, కుడి పక్కకి ఒరిగి, రేవు మెట్లకి కొట్టుకుని, పక్కన బురదలో దిగబడింది. నా తలుపు పైకి ఉంది. మావయ్యగారు దూకారు, టీ కొట్టు దగ్గర్నుంచి ఇద్దరు ఈదుకుంటూ వచ్చారు. వాళ్ళు తలుపు పైకి లాగి నన్ను బయట పడేశారు. నాకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. బావగారు కింద పక్క ఉన్నారు. కుడి కాలు సొట్టపడ్డ తలుపుకీ పెడళ్ళకీ మధ్య నలిగి ఇరుక్కుపోయింది. నీళ్ళు ఆయన గడ్డం దాకా వచ్చాయి. మావయ్యగారు నేను కూర్చున్న సీటు మీదుగా లోపలికి దిగి, కొడుకు తల కింద చెయ్యి పెట్టి, మొహం నీళ్ళ మీదకి ఎత్తి పట్టుకున్నారు. గునపాలు వచ్చి, తలుపు విరిచి, కాలు విడిపించేదాకా అలాగే పట్టుకున్నారు. ఎంతసేపో నాకు తెలీదు. అక్క గట్టు మీద అరుస్తూనే ఉంది. నేను పూలదండ చేతికి చుట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ చేతులు ఇంకెందుకైనా పనికొస్తాయన్న ఆలోచనే నాకు రాలేదు.

అమలాపురంలో ఆసుపత్రికి తీసుకొచ్చాం. సాయంత్రానికి డాక్టరు వచ్చి, మోకాలి కింద నుంచి తియ్యాలని చెప్పారు. డ్రైవింగు తప్ప ఇంకో పని తెలియని మనిషికి కుడి కాలు తియ్యాలని. అక్క గోడకి ఆనుకుని కిందికి జారిపోయింది.

చుట్టాలూ ఊరివాళ్ళూ వరండా నిండా ఉన్నారు. ఎలా జరిగింది, ఎలా జరిగింది అని ఒకటే ప్రశ్న. కొత్త మిషనేదో బిగించేరంటగా అని ఎవరో నా వైపు చూశారు. మావయ్యగారు తడిసిన బట్టలతోనే బల్ల మీద కూర్చుని ఉన్నారు. తల ఎత్తకుండా అన్నారు: "మిషను తప్పేం లేదండి. నేనే ఆయ్ అనేసేనండి. వానకి కళ్ళు ఆనలేదు. చూసుకోకుండా ఆయ్ అనేసేను, వాడు వచ్చేసేడు."

ఒకాయన, "వయసు మీద పడ్డాక ఎందుకండీ ఇంకా ఇయ్యన్నీ," అని విసుక్కున్నాడు. మావయ్యగారు, "నిజవేనండి," అన్నారు.

జనం పలచబడ్డాక నేను ఆయన పక్కన కూర్చున్నాను. మావయ్యగారూ, మీరు ఆపేశారు, నేను అద్దంలో చూశాను అన్నాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి మాట్లాడారు.

"నువ్వు ఆ కాయితం చదివి జేబులో పెట్టుకోడం నీ వెనక నిలబడి నేనూ చూసేను అబ్బాయ్. నాకు చదువు రాదు గాని బొమ్మ తెలుస్తది కదా. వాడికి చెప్పేను. నా మాట లెక్కచెయ్యలేదు. నువ్వు చెప్తే వినేవోడు. పోనీలే. ఇప్పుడు చెప్పేవంటే వాడు నిన్ను జన్మలో గుమ్మం ఎక్కనివ్వడు. మీ అక్కని పొద్దస్తమానం నీ పేరు పెట్టి పొడుస్తాడు. అది ఈ ఇంట్లో కాపరం చెయ్యాలి కదా, కాలు లేనోడితోటి. నాదేం ఉంది, ముసలోణ్ణి. నాతో మాట్లాడకపోతే మాత్రం ఏం పోద్ది."

ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది సిగ్గు కాదు. హాయి. పెద్ద బరువు దించినట్టు, వెచ్చగా, నిద్ర వచ్చేంత హాయి. సిగ్గు తర్వాత వచ్చింది. ఈ వరస మారినట్టు రాసుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

మూడో రోజు బావగారికి తెలివి పూర్తిగా వచ్చింది. దుప్పటి కింద కాలు లేని చోటు చూడకుండా పైకప్పు వైపు చూస్తూ నన్ను అడిగారు. "నేను అద్దంలో చూసేను. మా నాన్న ఆయ్ అంటూనే ఉన్నాడు. నువ్వూ చూసేవు కదా?" తలుపు దగ్గర మావయ్యగారు బత్తాయిల సంచి పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను అవునన్నట్టు తల ఊపాను. మావయ్యగారు సంచి కిటికీలో పెట్టి వెళ్ళిపోయారు.

ఆయన ఇంకో ఆరేళ్ళు బతికారు. ఆ ఆరేళ్ళూ కొడుకు ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే అక్కకి చెప్పి చెప్పించేవారు. కొడుకు మొహం నీళ్ళ మీద ఎత్తి పట్టుకున్న సంగతి కూడా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నేను నెలకోసారి వెళ్ళేవాణ్ణి. బావమరిది వచ్చాడని బావగారు నవ్వుతూ పలకరించేవారు. అక్క ముగ్గురికీ పక్కపక్కనే విస్తళ్ళు వేసేది. నేను ఆ తండ్రికీ కొడుక్కీ మధ్య కూర్చుని, కడుపునిండా తిని, ఆఖరి బస్సుకి అమలాపురం వచ్చేసేవాణ్ణి.